పొయ్యిలో పిల్లి, ఒళ్లో అల్లిక

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పల్నాటి చరిత్ర అనగానే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది కోడిపుంజు. 12వ శతాబ్దంలో గురజాల వారికీ, మాచర్ల వారికీ నడిచిన పోరు, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, పుంజుల పందెం, చివరకు కారంపూడి రణరంగం - ఇవన్నీ వీరగాథలు చెప్పేవాళ్ల నోట విని పెరిగినవాళ్లం మనం. కోడికి చరిత్రలో అంత పెద్దపీట దక్కింది గానీ, అదే ఇంట్లో అదే గడప లోపల తిరిగిన పిల్లికి ఒక్క ముక్కైనా దక్కలేదు. కోడిపుంజు మగవాళ్ల చంకలో పెరిగింది. పిల్లి ఆడవాళ్ల కాళ్ల దగ్గర పెరిగింది. అందుకేనేమో మరి!

ఈ మధ్య మా నరసరావుపేట వైపు కొందరు ఆడపిల్లలు క్రోషియా సూది పట్టుకుని పిల్లి కోసం చిన్న దుప్పటి అల్లుతున్నారు. అది చూసి పెద్దవాళ్లు, "మనుషులకే దిక్కు లేదు, పిల్లికి దుప్పటా!" అని బుగ్గలు నొక్కుకుంటున్నారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ చిన్న దుప్పటిలో రెండు చరిత్రలు ముడిపడి ఉన్నాయి. ఒకటి మన వంటింటి పిల్లిది, రెండోది ఆ క్రోషియా సూదిది. రెండూ ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచినవే. అందుకని ఈ పూట ఆ రెండూ విప్పి చూద్దాం.

ముందు పిల్లి సంగతి. మనిషి పిల్లిని పట్టి తెచ్చి సాకలేదు, పిల్లే మనిషిని వెతుక్కుంటూ వచ్చిందంటారు శాస్త్రజ్ఞులు. పశ్చిమాసియాలో మనుషులు పంటలు పండించి గింజలు దాచుకోవడం మొదలుపెట్టాక ఆ గింజల కోసం ఎలుకలు చేరాయి. ఎలుకల కోసం అడవి పిల్లి ఊళ్లోకి వచ్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పాతిపెట్టిన ఆనవాలు బయటపడింది. ఆ సంగతి 2004లో లోకానికి తెలిసింది. అంటే పిల్లికీ మనకూ ఉన్న చుట్టరికం ధాన్యపు గాదె దగ్గర మొదలైందన్న మాట.

మన పల్నాడు విషయానికి వద్దాం. నాగార్జునసాగర్‌కు 1955లో పునాది వేసి, 1967లో కాలువలకు నీళ్లు వదిలేదాకా ఇది మెట్టసీమ. జొన్నలే ఇక్కడి బతుకు. ఆ జొన్నల్ని నేలలో పాతర తీసి, గడ్డి పరచి, పైన మట్టి మెత్తి దాచేవారు. ఇంట్లో గాదెలూ, కుండలూ ఉండనే ఉన్నాయి. ఏడాది తిండి అంతా అలా దాచుకున్న ఇంట్లో ఎలుక పడిందంటే ఎంత నష్టమో వేరే చెప్పాలా? కాబట్టి పిల్లి మనింట జీతం లేని కాపలాదారు. కూలి కింద దానికి దక్కింది గిన్నె అడుగున మిగిలిన పాలచుక్క, అదీ ఇల్లాలు దయ తలిస్తే.

దయ తలవని పూట అదే దొంగ. కాపలాదారే దొంగ అయితే ఏం చేస్తాం? ఉట్టి కట్టుకున్నాం. పాలూ, పెరుగూ, వెన్నా దూలానికి వేలాడే ఉట్టిలోకి ఎక్కాయి. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అన్న సామెత అలా పుట్టిందే. చిత్రమేమిటంటే ఉట్టి కూడా అల్లికే. తాడును ముడులు వేస్తూ, కళ్లు కళ్లుగా పేనుతూ కుండ జారకుండా అల్లుతారు. అంటే తెలుగింట్లో పిల్లిని దృష్టిలో పెట్టుకుని చేసిన తొలి అల్లిక దానికి అందకుండా చేయడానికే పుట్టింది! ఇప్పుడు మన ఆడపిల్లలు అల్లుతున్నది దాన్ని దగ్గరకు పిలిచే అల్లిక. ఆ మధ్య దూరం చిన్నదేమీ కాదు.

అలాగని పిల్లిని మన పెద్దలు బొత్తిగా చిన్నచూపు చూశారనుకోకండి. పసిబిడ్డల్ని కాపాడే షష్ఠీదేవికి వాహనం పిల్లే. వైష్ణవంలో మార్జాల న్యాయం అని ఒకటి ఉంది. కోతిపిల్ల తన తల్లిని తానే గట్టిగా పట్టుకుని వేలాడుతుంది. పిల్లికూన అలా కాదు, తల్లి నోట కరుచుకుని ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి నిశ్చింతగా పోతుంది. భగవంతుడి మీద అలా భారం వేయమని చెప్పడానికి ఆ పెద్దలకు పిల్లే పోలికగా దొరికింది. చెన్నకేశవుడు కొలువైన మాచర్ల సీమలో ఈ మాట ఒకసారి తలుచుకోవడం బాగుంటుంది.

మరి ఈ పిల్లి పడుకునేదెక్కడ? ఆ జవాబు మన భాషలోనే ఉంది. ఇంట్లో తిండికి జరగకపోతే "వాళ్ల పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటాం. ఈ మాట వెనుక ఎంత బతుకుందో ఆలోచించారా? రాత్రి వంట అయ్యాక కట్టెల పొయ్యిలో బూడిద గోరువెచ్చగా ఉంటుంది. చలికాలపు రాత్రి పిల్లికి అంతకు మించిన పరుపు లేదు. తెల్లవారి ఇల్లాలు పొయ్యి రాజెయ్యడానికి వస్తే అది ఒళ్లు విరుచుకుని లేచి పోతుంది. పొద్దెక్కినా లేవలేదంటే పొయ్యి రాజుకోలేదని, అంటే ఆ ఇంట గింజ లేదని అర్థం. ఇల్లాలి ఆకలి బయటకు చెప్పుకోలేనిది గనుక, పిల్లి నిద్ర మీద పెట్టి చెప్పారు.

పొయ్యి కాకపోతే దాలి. పిడకలు రగిల్చి, మీద పాలకుండ పెట్టి, మీగడ ఎర్రగా కట్టేదాకా కాచే దాలిగుంట పల్లెల్లో ఉండేది. దాని చుట్టుపక్కలే పిల్లి మకాం. వెచ్చదనమూ, పాల వాసనా రెండూ ఒక్కచోటే. ఆ వెచ్చదనం ఎక్కడిది? కట్టెలు ఏరి తెచ్చిన చేయి, పిడకలు కొట్టిన చేయి, పొగలో కళ్లు మండుతున్నా గొట్టంతో ఊదిన నోరు - వీటి నుంచి వచ్చింది. పిల్లి వాడుకున్నది ఇల్లాలి చాకిరీలో మిగిలిన వేడిని.

తరువాత కాలం మారింది. పట్నాల్లో ముందే వచ్చిన గ్యాసు పొయ్యి, 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం పెట్టాక పల్లెల్లోకి, పొదుపు సంఘాల ఆడవాళ్ల ఇళ్లలోకి వచ్చింది. 2016 నుంచి కేంద్రం వారి ఉజ్వల పథకం తోడైంది. మన కళ్లకూ ఊపిరితిత్తులకూ అది ఎంత మేలు చేసిందో చెప్పనక్కరలేదు. మళ్లీ ఆ పొగలోకి పోదామని ఎవరూ అనరు. కానీ గ్యాసు పొయ్యి మంట ఆరితే క్షణంలో చల్లబడుతుంది. బూడిద ఉండదు, రాతిపలక మీద వెచ్చదనం ఉండదు. మనతోపాటే ఉన్న ఒక జీవికి ఆ రోజుతో పక్క పోయింది. అందుకే చలికాలం వస్తే అది ఉతికి మడతపెట్టిన చీరల మీదా, పిల్లల పుస్తకాల సంచీల మీదా, ఫ్రిజ్జు వెనుక వేడిగా ఉండే మూలలోనూ చోటు వెతుక్కుంటోంది. పిల్లికి దుప్పటేమిటని నవ్వేవాళ్లకు నేను చెప్పే మొదటి జవాబు ఇదీ: దాని పక్కను తీసేసింది మనమే కదా!

ఇక సూది కథ.

క్రోషియా అన్నది ఫ్రెంచి మాట. కొక్కెం అని అర్థం. ఉన్ని స్వెట్టర్లు అల్లే పనిలో రెండు సూదులుంటాయి, కళ్లన్నీ సూది మీదే నిలిచి ఉంటాయి. క్రోషియాలో సూది ఒక్కటే, దాని మీద మామూలుగా ఒక్క కన్నే. ఆ కంట్లోంచి దారాన్ని లాగితే ఇంకో కన్ను. అలా గొలుసు సాగుతుంది. పసిపిల్ల ఏడిస్తే సూది తీసేసి వెళ్లవచ్చు, వచ్చి అదే కంట్లో సూది దూర్చి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ ఒక్క గుణం వల్లే ఈ పని ఇంటి పనుల మధ్య ఇమిడింది. ఇమిడింది గనుకే ఆ తరువాత ఆడవాళ్లను ఇరికించింది కూడా. ఆ సంగతికి వస్తున్నాను.

ఇది చాలా ప్రాచీనమైన కళ అని కొందరు అంటారు గానీ, ఐరోపాలో 1800కు ముందు అల్లినదని రూఢిగా చెప్పదగిన నమూనాలు దొరకలేదు. బట్టను చట్రానికి బిగించి, కొక్కెం సూదితో గొలుసు కుట్టు కుట్టే పద్ధతి తూర్పు దేశాల నుంచి 18వ శతాబ్దంలో ఐరోపాకు చేరిందనీ, తరువాత ఎవరో బట్టను తీసేసి ఒట్టి గాలిలోనే ఆ గొలుసును అల్లారనీ ఒక వాదం ఉంది. 1820లలో ఒక డచ్చి పత్రికలో క్రోషియా నమూనాలు అచ్చయ్యాయి. అంటే మన పత్రికల్లో ఎంబ్రాయిడరీ డిజైన్లు వేసే ఆచారానికి రెండు వందల ఏళ్లు దాటాయన్న మాట.

ఆ సూది లోకమంతా పాకడానికి కారణం షోకు కాదు, కరువు. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. వరసగా కొన్నేళ్లు పంట పోయింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంతకంటే ఎక్కువమంది వలసపోయారు. అప్పుడు కార్క్ పట్నంలో క్రైస్తవ సన్యాసినులు, 1847 నుంచి క్లోన్స్ అనే ఊళ్లో అక్కడి మతగురువు భార్య కెసాండ్రా హ్యాండ్ ఆడవాళ్లకు క్రోషియా నేర్పించి, ఆ లేసును ఇంగ్లండు దొరసానులకు అమ్మించారు. నిలువెత్తు మగ్గం అక్కరలేదు, పెట్టుబడి అక్కరలేదు. ఒక కొక్కెం, ఒక దారపు ఉండ ఉంటే చాలు. ఇళ్లలో పొయ్యి వెలిగింది.

అదే 19వ శతాబ్దంలో ఈ సూది గోదావరి తీరానికి వచ్చింది. మన నరసరావుపేటకూ ఆ నరసాపురానికీ పేరులో పోలిక తప్ప వేరే సంబంధం లేదు. అది వశిష్ఠ గోదావరి గట్టున ఉన్న రేవు పట్నం. అక్కడ స్కాట్లండు నుంచి వచ్చిన మక్రే అనే మిషనరీ దంపతులు బీద ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారు. తొలుత క్రైస్తవం పుచ్చుకున్న మాల మాదిగ ఇళ్ల స్త్రీలు నేర్చుకున్నారు. 1899 నాటి కరువులో ఈ పని ఎన్నో కుటుంబాలకు గంజి పోసింది. 20వ శతాబ్దం మొదటికి రెండు వేల మందికి పైగా అల్లేవారు. తరువాత వర్తకులు వచ్చారు, విదేశాల నుంచి బేరాలు వచ్చాయి. ఘోషా పాటించే కాపు కుటుంబాల స్త్రీలు కూడా గడప దాటకుండా నాలుగు డబ్బులు వస్తాయని సూది పట్టారు.

పని నడిచే తీరు ఇలా ఉండేది. వర్తకుడి మనిషి ఇంటికే దారం తెచ్చి ఇస్తాడు. ఒకామె పువ్వులు మాత్రమే అల్లుతుంది. దాన్ని చేతిపని అనేవారు. ఇంకొకామె ఆ పువ్వుల్ని కలిపి బల్లగుడ్డగా చేస్తుంది. అది అతుకుపని. అల్లినామెకు అతికినామె తెలియదు. ఇద్దరికీ కొన్న దొరసాని తెలియదు. ఆ పువ్వు ఏ దేశంలో ఏ బల్ల మీద పరుచుకుందో వాళ్లు ఎన్నడూ చూడలేదు.

1970ల చివర మరియా మీస్ అనే జర్మనీ విదుషి ఆ ఊళ్లకు వచ్చి వాళ్ల మధ్య తిరిగి ఒక పరిశోధన చేసింది. 1982లో అది లండన్‌లో పుస్తకంగా వచ్చింది. దాని పేరు ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’. ఆ ప్రాంతంలో లక్షకు పైగా స్త్రీలు ఈ పని చేస్తున్నారని ఆమె రాసింది. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, చేతికొచ్చేది రూపాయి కంటే తక్కువ. పొలం కూలికి వెళ్లే స్త్రీకి సర్కారు పెట్టిన కనీస కూలి కూడా అంతకంటే ఎక్కువే. ఎందుకిలా? ఎందుకంటే వర్తకులూ, ఇంటి మగవాళ్లూ, చివరకు ఆ స్త్రీలు కూడా దాన్ని పని అనలేదు. "ఊరకే కూర్చునే బదులు తీరిక వేళ ఏదో చేసుకుంటున్నారు" అన్నారు. తీరిక వేళ చేసేదానికి కూలి ఎందుకు లెక్కగట్టాలి? జనాభా లెక్కల్లో కూడా వాళ్లలో చాలామంది పనివాళ్లుగా కనిపించలేదు. ఇల్లాళ్లు అని రాసి ఊరుకున్నారు.

సోదరీమణులారా, ఈ చరిత్ర మొత్తంలో నా మనసును పట్టుకున్న మాట ఈ "తీరిక" అన్నది. ఎనిమిది గంటలు వంగి, కళ్లు చిట్లించి, వేళ్లు కాయలు కాచేలా అల్లితే అది తీరికట! ఇందాక పొయ్యి సంగతి చెప్పుకున్నాం. అక్కడా అంతే. పిల్లి హాయిగా పడుకున్న వెచ్చదనం వెనుక ఉన్న చాకిరీకి లెక్క లేదు. దొరసాని బల్ల మీద పరిచిన లేసు వెనుక ఉన్న చాకిరీకీ లెక్క లేదు. చేసేది ఆడదైతే, చేసే చోటు ఇల్లైతే, పనికి పేరు మారిపోతుంది.

తరువాత కొంత మార్పు వచ్చింది. నరసాపురం దగ్గర సీతారాంపురంలో లేసు పార్కు వెలిసింది. అల్లేవాళ్లు సంఘాలుగా కట్టుబడి అమ్మకాలు చేసుకోవడం మొదలైంది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది సంతోషించవలసిన విషయమే. పేరుకు గుర్తింపు వచ్చింది, ఇక వేళ్లకు కూడా తగిన విలువ రావాలి.

మరి మన పల్నాడులో ఈ సూది ఏం చేసింది? గుంటూరుకు 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ 1849లో గురజాల వచ్చి మకాం పెట్టాడు. మిషను బడులు ఇక్కడా వెలిశాయి. కానీ నరసాపురంలో మాదిరిగా లేసు ఇక్కడ వర్తకం కాలేదు. మన ఆడవాళ్లకు మెట్ట పొలంలో కలుపూ, పత్తి తీతా, మిరప కోతా ఉండనే ఉన్నాయి. క్రోషియా మనకు బడిలో కుట్టుపని పీరియడుగా, వారపత్రికలో డిజైనుగా, పెళ్లికెదిగిన పిల్ల చేతిపనిగా వచ్చింది. మన ముందటి తరం వాళ్లు అల్లినవి గుర్తు చేసుకోండి. రేడియో మీద కప్పే గుడ్డ, మంచినీళ్ల గ్లాసు మీద పూసలు కట్టిన మూత, గుమ్మానికి హంసల తోరణం, దిండు గలీబుకు అంచు, ఆ తరువాత టీవీ మీద ముసుగు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు చూపించి "ఇవన్నీ మా అమ్మాయే అల్లింది" అని చెప్పడానికి అల్లినవి కొన్ని.

ఇవన్నీ అందమైనవే, కాదనను. కానీ ఒక్కటి గమనించండి. వాటిలో ఏదీ ఎవరికీ చలి కాయలేదు. అక్కడ దొరసాని కోసం, ఇక్కడ వియ్యాలవారి కోసం. ఒళ్లు కప్పే పని పాత చీరలతో కుట్టిన బొంతదే. ఆ బొంతను ఎవరూ చూపులకు వచ్చినవాళ్ల ముందు పరచలేదు.

కాబట్టి, ఒక ఆడపిల్ల సాయంత్రం పూట కూర్చుని పిల్లి కోసం దుప్పటి అల్లుతోందంటే అది చిన్న సంగతి కాదంటాను. అది అమ్ముడుపోదు. దాన్ని చూసి ఎవరూ సంబంధం ఖాయం చేయరు. మెచ్చుకునే తెలివి కూడా ఆ పిల్లికి లేదు, పోయి మధ్యలో చుట్ట చుట్టుకుని పడుకుంటుంది, అంతే. ఆ సూది పుట్టిన ఇన్నాళ్లకు మన ఆడవాళ్ల చేతిలో అది నిజంగా తీరిక వేళ పని అయింది. వేరేవాళ్లు పెట్టిన పేరు కాదు, ఆమెకు ఆమె తీసుకున్న తీరిక.

అల్లాలనుకునేవారికి నాలుగు మాటలు చెబుతాను. రెంటచింతలలో వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ మనది. ఉన్ని అక్కరలేదు, నూలు దారమే మేలు. పత్తి పండించే సీమలో నూలుకు కరువేమిటి? నాలుగు పోగులు కలిసిన మందపాటి దారం తీసుకోండి. పాత అల్లికల్లో మిగిలిన ముక్క ఉండలు రంగు రంగులవి కలిపినా సరే. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు చాలు. ముడుచుకుని పడుకునే జీవికి అంతకంటే ఎందుకు? లేసు మాదిరిగా పెద్ద పెద్ద కన్నాలు పెట్టకండి, గోళ్లు తగులుకుని పాదం చిక్కుకుంటుంది. దగ్గర దగ్గర కుట్టుతో బిగువుగా అల్లండి. పూసలు, కుచ్చులు, జాలరు అసలొద్దు. దారపు కొసల్ని పైకి వదలకుండా సూదితో లోపలికి కుట్టేయండి. పిల్లి దారంతో ఆడుకుంటుంటే చూడముచ్చటగా ఉంటుంది గానీ, దారం మింగిందంటే పేగులకు చుట్టుకుని ప్రాణం మీదకు వస్తుంది. అందుకని అల్లడం ఆపగానే ఉండనూ సూదినీ డబ్బాలో పెట్టి మూయండి. రంగు దిగే దారమైతే ముందే రెండుసార్లు జాడించండి, పిల్లి నాకుతుంది కదా. అయ్యాక కొత్తది కొత్తగా వేస్తే అది మొహం తిప్పుకోవచ్చు. మీ పాత చీర ముక్క ఒకటి రెండు రోజులు కింద పరిచి ఉంచితే మీ వాసనకు వచ్చి చేరుతుంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. స్వెట్టరు అల్లడానికి యంత్రాలున్నాయి. క్రోషియా మాత్రం ఇప్పటికీ బజారుకు వచ్చేది చేతి అల్లికే. కనుక అంగట్లో ఎంత చవకగా క్రోషియా వస్తువు కనిపించినా, దాని వెనుక ఎక్కడో ఒక ఆడమనిషి వేళ్లున్నాయని గుర్తుంచుకోండి. అంత చవక ఎలా అయిందని ఒకసారి అడగండి. పిల్లికి ఒక దుప్పటి మీ చేతులతో అల్లి చూస్తే, అందులో ఎన్ని గంటలు పడతాయో మీకే తెలుస్తుంది. ఆ లెక్క తెలిసిన ఆడది ఇంకో ఆడదాని పనిని "తీరిక వేళ చేసుకునేదే కదా" అని ఇక అనలేదు.